చేస్తున్నాను కానీ సంతోషం లేదు, అక్కా

చెన్నై నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం ఇది. పొడవుగా ఉంది కాబట్టి కొంత కుదించాను.

"అక్కా, ప్రభువు నామంలో వందనాలు. మాది కందుకూరు. పెళ్లయి చెన్నై వచ్చి పదకొండేళ్లు. వేళచ్చేరిలో ఉంటాం. నేను మైలాపూర్‌లో ఒక ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తున్నాను. మా తెలుగు సంఘంలో సండే స్కూల్ చెప్తాను, క్వయర్ (పాటల బృందం) చూస్తాను, శనివారం ఉపవాస ప్రార్థనకి అన్నీ సర్దుతాను. నెలకోసారి గృహ కూడిక మా ఇంట్లోనే. క్వయర్ నేను కోరుకున్నది కాదు. సంఘంలో ఒక పెద్దాయన 'దేవుడు నీ గురించి నాతో మాట్లాడాడు, నువ్వే నడిపించాలి' అన్నారు. కాదంటే దేవుణ్ణి కాదన్నట్టు అవుతుందని ఒప్పుకున్నాను. ఇప్పుడు శనివారం సాయంత్రం నుంచే టెన్షన్. మా పిల్లల మీద అరుస్తాను, అదే నోటితో పాటలు పాడతాను. సండే స్కూల్లో కథ చెప్తున్నప్పుడు మాత్రం టైం తెలియదు.

ఇంకో సంగతి. మా అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఒక తమిళ పాట్టి (అవ్వ) ఒక్కతే ఉంటుంది. భర్త పోయాడు, కొడుకు దూరంలో ఉన్నాడు. వెళ్లి పలకరించాలని మూడు నెలలుగా అనిపిస్తోంది, వెళ్లలేదు. అది దేవుని నడిపింపా, నా ఆలోచనా అని తేల్చుకోవడానికి కళ్లు మూసుకుని బైబిల్ తెరిచాను. వంశావళి వచ్చింది. డిసెంబర్ 31 రాత్రి చర్చిలో కొత్త ఏడాదికి నాకు వచ్చిన వాగ్దాన వాక్యం కార్డు యెషయా 30:21. 'ఇదే త్రోవ' అనే శబ్దం నాకెందుకు వినబడట్లేదు? సంతోషం లేకుండా చేసే విధేయత దేవునికి అక్కర్లేదా? అన్నీ మానేయనా? ఆఫీసులో సీనియర్ పోస్టు ఇస్తామంటున్నారు, అది తీసుకోవాలో వద్దో కూడా తెలియట్లేదు."

చెల్లెమ్మా, వందనాలు.

'ఇంకో సంగతి' అని నువ్వు చివర్లో రాసిన పాట్టి దగ్గరే మొదలుపెడతాను. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సంఘం పనుల గురించి ఆఫీసులో లెక్క అప్పజెప్పినట్టు రాశావు. పాట్టి దగ్గరికి వచ్చేసరికి నీ రాత మారింది. ఆమె పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం తాడు కట్టిన సంచి కిందికి దించుతుందని, పాలవాడు ప్యాకెట్ వేసి వెళ్లిపోయి చాలాసేపయినా ఒక్కోసారి ఆ సంచి అలాగే వేలాడుతూ ఉంటుందని, అప్పుడు నీకు గుబులుగా ఉంటుందని రాశావు. (కుదించిన భాగంలో ఉంది ఈ మాట, పాఠకుల కోసం ఇక్కడ చెప్తున్నాను.) ఆ మెట్ల దగ్గర రోజూ ఎంతోమంది ఎక్కి దిగుతుంటారు కదా. ఆ సంచి నీ కంటికే పడింది. చూడమని నీకు ఎవరూ చెప్పలేదు. మూడు నెలలుగా నిన్ను వదలట్లేదు. ఇక నడిపింపు రాలేదని ఎలా అంటావమ్మా?

భర్త పోయిన ముసలావిడను పలకరించాలా వద్దా అనేదానికి గుర్తు అడగనక్కర్లేదు. దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను వాళ్ల ఇబ్బందిలో పరామర్శించడమే తండ్రి ఎదుట పవిత్రమైన భక్తి అని యాకోబు పత్రిక మొదటి అధ్యాయం చివర్లో రాసే ఉంది. దేవుడు రాయించి నీ చేతిలో పెట్టిన మాటని మళ్లీ ఇంకో గుర్తుతో రుజువు చేయమని అడుగుతున్నావు. వేలు పెట్టి తెరిస్తే వంశావళి వచ్చిందంటే అది ఆయన కాదన్నట్టు కాదు. ఆ పద్ధతిలో తెరిస్తే ఏదో ఒక పేజీ రాక తప్పదు, అంతే. బైబిల్ కూర్చుని చదవడానికి ఇచ్చాడు, చీటీలు తీయడానికి కాదు. ఈ మాట కొంచెం గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే మన తెలుగు సంఘాల్లో ఈ అలవాటు వల్ల ఎంతమంది ఎంత భయపడ్డారో నా కళ్లతో చూశాను.

సంతోషం లేకుండా చేసేది విధేయతేనా అని అడిగావు. దీనికి నాకు జరిగిన సంగతి ఒకటి చెప్పాలి.

ఉద్యోగం చేసే రోజుల్లో రోజూ సాయంత్రం సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ కాంప్లెక్స్ నుంచి లోకల్ ఎక్కి పెరంబూరు వెళ్లేదాన్ని. ఒకరోజు ఆలస్యమైంది, సబ్‌వే మెట్లు పరుగు లాంటి నడకతో దిగుతున్నాను. మెట్ల మొదట్లో ఒకావిడ నిలబడి ఉంది. చంకలో ఎక్స్‌రే కవరు, చేతిలో చీటీ. "అయ్యా, ఇదేందో కాస్త చెప్పయ్యా" అని తెలుగులో అడుగుతోంది. ఎదురుగా ఉన్న పెద్దాసుపత్రి నుంచి వచ్చినట్టుంది. జనం ఆమెను తప్పించుకుని దిగుతున్నారు. నేనూ దిగేశాను. పది మెట్లు దిగాక కాళ్లు ఆగిపోయాయి. చెవిలో ఏ శబ్దమూ వినబడలేదు. ఆమె మాట్లాడింది నా భాష, ఆ మెట్ల మీద అది అర్థమైంది నాకొక్కదానికే అన్న సంగతి మాత్రం గుచ్చుకుంది. వెనక్కి తిరిగాను. సంతోషంగా కాదు, చెల్లెమ్మా. సణుగుతూ తిరిగాను. 'ప్రభువా, ఇప్పుడే కావాలా, ఇంట్లో వంట ఎవరు చేస్తారు' అనుకుంటూనే తిరిగాను.

ఆమెది నాయుడుపేట దగ్గర పల్లె. చీటీలో మర్నాడు ఉదయం ఏడు గంటలకి స్కాన్, ఏమీ తినకుండా రావాలి అని ఉంది. ఆమేమో తెల్లారి తిని వెళ్దామని ఇడ్లీ పొట్లం కట్టించుకుని పెట్టుకుంది. నేను చీటీ వెనక తెలుగులో పెద్ద అక్షరాలతో రాశాను: రేపు పొద్దున ఏడు గంటలు, ఏమీ తినొద్దు. ఆమె ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పైకి చదువుకుంది. తర్వాత ఆ ఇడ్లీ పొట్లం నా చేతిలో పెట్టబోయింది. వద్దంటే ఒప్పుకోదు. చివరికి ఇద్దరం అక్కడే గోడకి ఆనుకుని చెరో రెండు తిన్నాం.

నా బండి వెళ్లిపోయింది. తర్వాతి బండిలో సీటు లేదు, కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. వ్యాసర్‌పాడి దాటాక పక్కనున్న అమ్మాయి నా వైపు చూసి నవ్వింది. అప్పుడు తెలిసింది, నేను పాడుతున్నానని. చిన్నప్పుడు మా అమ్మ రోకలి పోటుతో పాడే పాట. దాన్ని మర్చిపోయి ఎన్నేళ్లయిందో.

చూశావా, సంతోషం నాకంటే ముందు ఆ మెట్ల దగ్గరికి రాలేదు. తర్వాతి బండిలో వచ్చింది. ప్రభువు చెప్పిన ఇద్దరు కొడుకుల కథ నీకు తెలుసు, నువ్వే సండే స్కూల్లో చెప్పి ఉంటావు. ద్రాక్షతోటకి వెళ్లమని తండ్రి అంటే మొదటివాడు పోనన్నాడు, తర్వాత మనసు మార్చుకుని వెళ్లాడు. వెళ్తానని మర్యాదగా చెప్పి వెళ్లనివాడు కాదు, ఈ పోనన్నవాడే తండ్రి ఇష్టప్రకారం చేశాడు. వాడు తోటకి నవ్వుతూ వెళ్లాడని ఎక్కడా లేదు. గెత్సేమనేలో ప్రభువు ముఖం మీద చిరునవ్వు లేదు, చెమట ఉంది. అయినా తన ముందు ఉంచిన ఆనందం కోసం సిలువను సహించాడని హెబ్రీ పత్రికలో ఉంది. ఆనందం ఆయన ముందు ఉంది, అడుగు వేసే వేళ ఆయన చేతిలో లేదు. కాబట్టి మనసు రాలేదని పాట్టి గుమ్మం దగ్గర ఆగిపోకు. మనసు వచ్చాక వెళ్దామని కూర్చుంటే ఇంకో మూడు నెలలు గడుస్తాయి.

ఇక క్వయర్.

ఇది వేరే రకం. పని మొదట్లో కష్టంగా ఉండి తర్వాత తేలిక కావడం ఒకటి. మొదట్లోనూ భారం, మధ్యలోనూ భారం, ఇంటికొచ్చి చెప్పులు విప్పాక కూడా భారం కావడం ఇంకొకటి. నీ క్వయర్ ఈ రెండోది. అలసట ఎవరికైనా వస్తుంది, నేను అనేది అలసట గురించి కాదు. సండే స్కూల్ చెప్పినా అలసిపోతావు, కానీ అక్కడ టైం తెలియదని నువ్వే రాశావు. క్వయర్ నువ్వు ఎవరి మాట విని తీసుకున్నావో చూడు. దేవుడు నీతో చెప్పాడని రాయలేదు. నీ గురించి వేరేవాళ్లతో చెప్పాడట, అది విని తీసుకున్నావు.

మొదటి రాజుల గ్రంథం పదమూడో అధ్యాయం ఈ రాత్రి తీరిగ్గా చదువు. యూదా నుంచి ఒక దైవజనుడు బేతేలుకి వస్తాడు. అక్కడ అన్నం తినొద్దు, నీళ్లు తాగొద్దు, వచ్చిన దారిన తిరిగి వెళ్లొద్దు అని దేవుడు అతనికి సూటిగా చెప్పాడు. రాజు పిలిచినా కదల్లేదు. తర్వాత ఆ ఊళ్లో ముసలి ప్రవక్త ఒకాయన వచ్చి, 'నేనూ నీలాంటి ప్రవక్తనే, నిన్ను తీసుకురమ్మని దేవదూత నాతో చెప్పాడు' అని అబద్ధమాడాడు. రాజుకి లొంగనివాడు ఈ మాటకి లొంగిపోయాడు. భోంచేశాడు. దారిలో సింహం చంపేసింది. చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. అతను చెడ్డవాడు కాడు. దేవుని పేరు చెప్పి ఇంకొకరు అన్న మాటని, తనకి దేవుడు చెప్పిన మాట కంటే పైన పెట్టాడు.

మీ పెద్దాయన అబద్ధం చెప్పారని నేను అనట్లేదు. ఆయనకి నీ గొంతు నచ్చి ఉంటుంది, సంఘానికి మనిషి అవసరమై ఉంటుంది, ప్రార్థించి ఉంటారు, మనసులో నీ పేరు వచ్చి ఉంటుంది. అందులో తప్పేం లేదు. కానీ ఆయన మాట విన్నాక పరీక్షించే బాధ్యత నీది. 'సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి' అని థెస్సలొనీక వాళ్లకి పౌలు రాసింది ప్రవచనాల గురించి మాట్లాడుతూనే. పరీక్షిస్తే పెద్దల్ని అవమానించినట్టు కాదు.

నేనూ ఇలాగే ఇరుక్కున్నాను. ఒక సంఘంలో స్త్రీల సమాజం పని ఆరేళ్లు మోశాను, మూడో ఏటి నుంచే నాకు అందులో ఏమీ మిగల్లేదు. మానేస్తే ఏమనుకుంటారో అని మోశాను. దానికి 'విధేయత' అని పేరు పెట్టుకున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి, అప్పటికి తొమ్మిదేళ్లు, అన్నం కలుపుకుంటూ అడిగింది: "అమ్మా, చర్చికి వెళ్లిన రోజే నీకు ఎక్కువ కోపం వస్తుంది ఎందుకు?" ముద్ద నోట్లోకి పోలేదు నాకు. దేవుడు సంఘంలో ఎవరి నోటా నాతో చెప్పని మాట ఆ పిల్ల నోట చెప్పించాడు.

వెళ్లి మానేస్తున్నానని చెప్పాను. రెండు నెలలు మొహాలు ముడుచుకున్నారు. తర్వాత నాకంటే చిన్నమ్మాయి తీసుకుంది, నాకంటే బాగా చేసింది. ఆమె దారికి నేనే అడ్డంగా కూర్చున్నానని అప్పుడు అర్థమైంది.

కాబట్టి నువ్వు అన్నీ మానేయొద్దు. క్వయర్ ఒక్కటి దించెయ్. దించే పద్ధతి కూడా చెప్తాను, మధ్యలో వదిలేసి పోవద్దు. మీ పాస్టర్ అయ్యగారి దగ్గరికి వెళ్లు, అమ్మగారు ఉన్నప్పుడైతే మరీ మంచిది. 'అయ్యగారూ, ఈ పని నేను దేవుని మాట విని కాదు, కాదనలేక ఒప్పుకున్నాను. అది నా తప్పే. మూడు నెలలు ఉంటాను, ఈలోగా ఒకరికి నేర్పి అప్పజెప్తాను' అని చెప్పు. నీ తప్పు నువ్వు ముందే ఒప్పుకుంటే పెద్దాయన మీద నింద పడదు, మాట కూడా పెరగదు. గృహ కూడిక నెల నెలా మీ ఇంట్లోనే ఎందుకు? వంతులు వేయమను. శనివారం సర్దుబాటుకి మీ ఆయన ఎంత చేయి వేస్తున్నారో నాకు తెలియదు, ఇంత పొడవు ఉత్తరంలో ఆయన మాట ఒక్కటీ లేదు. అయ్యగారి దగ్గరికి వెళ్లే ముందు ఆయనతో కూర్చుని మాట్లాడు. పిల్లల మీద అరుస్తున్నానని నాకు చెప్పావు, ఆయనకి చెప్పావా?

నీ వాగ్దాన కార్డు సంగతి. 'ఇదే త్రోవ దీనిలో నడువుడి' అనే మాట కార్డు మీద అందంగా ఉంటుంది. ఆ అధ్యాయం మొదటి నుంచి చదివితే, దేవుణ్ణి అడగకుండా సాయం కోసం ఐగుప్తుకి పరుగెత్తిన వాళ్లతో ఆయన మాట్లాడుతున్నాడు. ఆయన వాళ్లని వదిలేయలేదు, కనికరించాలని కనిపెట్టుకుని ఉన్నాడు. అక్కడ ఆ శబ్దం వెనక నుంచి వస్తుంది. కుడికో ఎడమకో తిరిగినప్పుడు వస్తుంది. చంటిపిల్ల ముందు నడుస్తుంటే తల్లి రెండడుగులు వెనక వస్తూ, పక్కకి పోతే 'అటు కాదమ్మా' అంటుంది చూడు, అలా. పిల్ల నడవకుండా నిలబడితే తల్లి ఏమని చెప్తుంది? నువ్వు కదిలే ముందే మొత్తం దారి వినబడాలని చూస్తున్నావు.

మీది కందుకూరు అన్నావు కాబట్టి, మన ప్రాంతంలో జరిగిన సంగతి ఒకటి గుర్తొచ్చింది. మైలాపూర్‌లో పని కాబట్టి వేళచ్చేరి నుంచి తిరుమయిలై దాకా పైనుంచి పోయే రైల్లోనే వెళ్తుంటావనుకుంటాను. ఆ స్టేషన్ కింద నల్లగా కదలకుండా ఉంటుంది చూడు, బకింగ్‌హాం కాలువ. వాసనకి అందరూ ముక్కు మూసుకుంటారు. 1876లో మొదలైన పెద్ద కరువు మద్రాసు ప్రెసిడెన్సీని ఊడ్చేసింది. జనానికి కూలి దొరకాలని ప్రభుత్వం కాలువ పని పెట్టింది. ఇక్కడ కూవం, అడయారు నదుల్ని కలిపే ముక్క 1877-78లో ఆ కరువులోనే తవ్వారు. అదే కాలంలో అదే కాలువ పనిలో ఒంగోలు వైపు కొన్ని మైళ్లు కాంట్రాక్టుకి తీసుకున్నది జాన్ క్లౌ దొర. బాప్టిస్టు మిషనరీ. మిషనరీ కాకముందు అమెరికాలో సర్వే పని చేసినవాడు. కళ్లెదుట ఆకలితో చచ్చిపోతున్న మనుషులు ఉన్నారు, చేతిలో తెలిసిన విద్య ఉంది. మట్టి పని చేయించాడు, కూలి ఇప్పించాడు. కూలీల గుంపుల మధ్యే వాక్యం చెప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని అడిగినవాళ్లకి మాత్రం నెలల తరబడి ఇవ్వలేదు, తిండి కోసం అడుగుతున్నారేమో అని. కరువు గడిచాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

సంఘాల్లో ఆ అంకె ఒక్కటే చెప్పి చప్పట్లు కొడతారు. నాకు మాత్రం ఆ మట్టి తట్టలు, ఆపి ఉంచిన ఆ నెలలు ఎక్కువ ఇష్టం. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడానికి ఆయన వేరే గుర్తు కోసం చూడలేదు. చేయాల్సినప్పుడు చేశాడు, ఆగాల్సినప్పుడు ఆగాడు. రెండూ విధేయతే. మీ తాతముత్తాతలు ఎవరైనా ఆ కాలువలో తట్ట మోశారేమో, మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగి చూడు.

ఆఫీసు పోస్టుకి నా జవాబు చిన్నది. ఇది పాట్టి లాంటి విషయం కాదు, దీని మీద వాక్యంలో సూటి ఆజ్ఞ లేదు. కాబట్టి తెలివి వాడు, అదీ ఆయన ఇచ్చిందే. ఆడిట్ పని కాబట్టి ట్యాక్స్ ఆడిట్ గడువు మామూలుగా సెప్టెంబర్ 30. ఆ ముందు రెండు నెలలు సీనియర్‌కి ఎన్ని గంటలు పడుతుందో ఇప్పుడు ఆ సీట్లో ఉన్నవాళ్లని అడుగు. తప్పుడు లెక్కల మీద సంతకం పెట్టమనే ఒత్తిడి ఉంటుందా అనేది కూడా నెమ్మదిగా కనుక్కో, ఉంటుందంటే మాత్రం ఇంక ఆలోచించక్కర్లేదు, వద్దను. లేదంటే మీ ఆయనతో కలిసి ప్రార్థించి ఒక నిర్ణయం తీసుకుని ముందుకెళ్లు. పౌలు ఆసియాకి వెళ్లబోతే ఆత్మ ఆపాడు, బితూనియకి వెళ్లబోతే మళ్లీ ఆపాడు. రెండుసార్లు ఆగినా ఆయన కుంగి కూర్చోలేదు, త్రోయ దాకా నడిచాడు, అక్కడ మాసిదోనియ వాడి దర్శనం వచ్చింది. తప్పు తలుపు అయితే మూయడం ఆయనకి వచ్చు. నువ్వు ఒక్క పొరపాటు చేస్తే నీ జీవితం మీద ఆయన ఆలోచన మొత్తం చెడిపోతుందన్నట్టు భయపడుతున్నావు. ఆయన నీ తండ్రి, చెల్లెమ్మా. పరీక్ష పేపరు పట్టుకుని నిలబడ్డ ఇన్విజిలేటర్ కాదు. 'ఆయన ఆజ్ఞలు భారమైనవి కావు' అని యోహాను ముసలితనంలో రాశాడు. నీ మీద ఇంత బరువు ఉందంటే అందులో ఆయన పెట్టనిది ఎంతుందో ముందు ఏరి పక్కన పెట్టు.

పాట్టికి తెలుగు రాదు, నాకు తమిళం అంతంతమాత్రం అని రాశావు. పదకొండేళ్లలో కూరగాయల బండి దగ్గర బేరమాడేంత వచ్చి ఉంటుంది కదా, అది చాలు. మొదటి రోజే ప్రార్థన చేస్తానని, వాక్యం చెప్తానని కూర్చోకు. సువార్త కరపత్రం పట్టుకెళ్లకు. ఆమెకి మోకాళ్ల నొప్పి ఉందేమో, అందుకే సంచి పైకి లాగడానికి అంతసేపు పడుతుందేమో, చూడు. రేపు పొద్దున పాలవాడు వెళ్లాక కూడా ఆ సంచి వేలాడుతూ కనిపిస్తే ప్యాకెట్ నువ్వే తీసుకుని మెట్లెక్కు. తలుపు తీశాక 'సాప్టీంగళా పాట్టీ', తిన్నారా అవ్వా అని అడుగు. ఆమె ఏమందో నాకు రాయి.